కాటన్ దొర పింఛను రోజులు

మే 15 దగ్గర పడుతుంటే గోదావరి జిల్లాల్లో, ఆనకట్ట కట్టించిన ఇంజినీరు కాటన్ విగ్రహాలకు కొత్త రంగులు పడతాయి. ఆయన పుట్టినరోజున ధవళేశ్వరంలో దండలు వేస్తారు, సభలు పెడతారు. వక్తలు డెల్టాలో తిండిలేని రోజుల దగ్గర మొదలుపెట్టి, 1847లో ఆనకట్టకు పని మొదలవడం, ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం పాయల మీదుగా రాతికట్టు సాగడం వర్ణించి, 1852లో అది పూర్తయిందని చెప్పి దిగిపోతారు. అప్పటికి కాటన్ వయసు 49. కన్నుమూసింది 1899లో, 96 ఏళ్లకు.

ఆయన మద్రాసు రేవులో దిగింది 1821లో, ఉద్యోగం విరమించింది 1860లో. కొలువు 39 ఏళ్లయితే, విరమణ తర్వాతి జీవితమూ 39 ఏళ్లే. ఆ రెండో సగం మన సభల్లో వినపడేది తక్కువ. రిటైర్మెంటు అంటే ఏమిటో అక్కడే నేర్చుకోవాలని నా నమ్మకం.

ఫలానా పుట్టినరోజు దాటగానే పని మానాలన్న లెక్క మన నేలకు కొత్త. ధర్మశాస్త్రాలు వానప్రస్థం చెప్పాయి గానీ రైతుకూ సాలెకూ కుమ్మరికీ అది అందిందెప్పుడు? ఒంట్లో శక్తి ఉన్నన్నాళ్లు మగ్గమో మడకో, ఆ తర్వాత మనవల కాపలా. శాతవాహనుల నుంచి కుతుబ్‌షాహీల దాకా శాసనాలు దానాలనూ మాన్యాలనూ విపులంగా చెబుతాయి. కొలువు దిగిన ముసలివాడి రోజులు ఎలా గడిచాయో వాటిలో వెతుక్కోవాలి. కుంపిణీ వాళ్లతో నెలనెలా పింఛను వచ్చింది. 1871లో పెన్షన్ల చట్టం వచ్చింది. 1889లో బిస్మార్క్ జర్మనీ 70 ఏళ్లు దాటిన కార్మికులకు పింఛను ఇచ్చే చట్టం చేసింది. ఆ తర్వాతే వయసుకూ విరామానికీ ముడి గట్టిగా పడింది.

ఇక దొరగారి దగ్గరికి వద్దాం.

కాటన్ ఆరోగ్యవంతుడేమీ కాదు. ఇక్కడి ఎండలకు ఒళ్లు గుల్లయి, సెలవు మీద టాస్మేనియా వెళ్లి ఏళ్ల తరబడి ఉన్నారు. అక్కడే పెళ్లి చేసుకున్నారు. గోదావరి పని తలకెత్తుకున్నది తిరిగి వచ్చాకే. అలాంటి మనిషి 1860లో కొలువు దిగి ఇంగ్లండు వెళ్లారు. మరుసటి ఏడు సర్ బిరుదు వచ్చింది. వాలుకుర్చీలో కూర్చుని పాత కథలు చెప్పుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి? కానీ ఆయన పని తెమల్లేదు. గోదావరి నీళ్లు పొలాల్లోకి వచ్చాయి, మిగతా దేశం సంగతేమిటన్నది ఆయన వేదన.

1876లో మద్రాసు రాజధానిని కరువు పట్టింది. రాయలసీమ మాడిపోయింది. లక్షల మంది చనిపోయారు. ప్రభుత్వం డబ్బు రైలుమార్గాల మీద పెడుతుంటే, డెబ్బై దాటిన కాటన్ కలం పట్టుకున్నారు. రైలు ధాన్యాన్ని మోసుకొస్తుందే గానీ పండించదు, కాలువైతే పండిస్తుంది, పడవల మీద మోస్తుంది కూడా అన్నది ఆయన వాదం. ఇల్లు కదలలేని ఆరోగ్యంతో లండన్‌లో ఉంటూ భారతదేశపు నీటి సమస్య మీద రాస్తున్న ఫ్లోరెన్స్ నైటింగేల్ ఆయనకు తోడు నిలిచారు. ఇద్దరి మధ్యా ఉత్తరాలు నడిచాయి. గాయపడిన సైనికులకు సేవ చేసిన నర్సుగా మన పాఠ్యపుస్తకాలు చూపే ఆమెకు, మన కాలువల మీద అంత పట్టు ఉండేదని తలచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

1878లో బ్రిటిష్ పార్లమెంటు సంఘం ఎదుట హాజరయ్యారు కాటన్. వయసు 75. ఆయన ఊహలోంచి పుట్టి, సుంకేశుల దగ్గర తుంగభద్ర నీళ్లు మళ్లించి ఓ ప్రైవేటు కంపెనీ తవ్వించిన కర్నూలు-కడప కాలువ అప్పటికి నష్టాల్లో ఉంది. విమర్శకుల చేతిలో అదే ఆయుధం. సంఘం ఆయన మాట ఒప్పుకోలేదు. నాలుగేళ్లకు, 1882లో, ఆ కాలువను ప్రభుత్వమే కొనుక్కుంది. కంపెనీ మునిగినా కాలువ నిలిచింది, ఇవాళ్టికీ కేసీ కెనాల్ పేరుతో కర్నూలు, కడప రైతులకు అన్నం పెడుతోంది. ఓడిపోయిన ముసలివాడి వాదన ఎంత ఓడిందో ఆ ఆయకట్టు రైతునడిగితే చెబుతాడు.

ఓటమి తర్వాత ఆయన ఇంగ్లండులోని డార్కింగ్ ఊళ్లో మట్టి పట్టారు. లోతు సేద్యం ఆయన చివరి వ్యసనం. మామూలు దుక్కి పైమట్టినే కదుపుతుంది, అడుగు నేల గట్టిపడితే వేరు అక్కడే ఆగుతుంది. అందుకని లోతుగా తవ్వించి, గాలీ నీరూ దిగేలా నేలను గుల్ల చేయించి, గోధుమ వేసి దిగుబడి చూసుకునేవారు. జీవితమంతా నీటిని నేల మీద పారించిన మనిషి, చివరికి ఆ నీరు నేలలోపల ఎంత దిగుతుందో చూడటానికి కూర్చున్నారు. ఆ వయసులో కొత్త ప్రశ్న వేసుకోగలగడమే నాకు ఆనకట్టంత గొప్పగా తోస్తుంది.

తెలుగు నిఘంటువు కూర్చిన మన బ్రౌన్ దొరదీ అదే దారి. అది అచ్చయ్యాక, 1855 ప్రాంతంలో ఇంగ్లండు చేరి, 1865లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ప్రొఫెసరయ్యారు.

మన ఉద్యోగుల విరమణ దగ్గరికి వస్తే కథ చిక్కుపడుతుంది. 1979లో రాష్ట్ర ఉద్యోగుల విరమణ వయసు 55 నుంచి 58కి పెరిగింది. 1983 ఫిబ్రవరిలో కొత్తగా వచ్చిన ఎన్టీఆర్ ప్రభుత్వం మళ్లీ 55 చేసింది. నెలాఖరుకల్లా వేలమంది ఇళ్లకు వెళ్లిపోయారు. కోర్టులు, ఆందోళనల తర్వాత అది మళ్లీ 58 అయింది. రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్‌లో 60, 2022లో 62 అయితే, తెలంగాణలో 2021లో 61 అయింది. పింఛను దయాధర్మం కాదని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ రోజునే పెన్షనర్ల దినోత్సవం జరుపుకుంటారు. 2004 తర్వాత చేరినవాళ్లకు మాత్రం సీపీఎస్, అంటే జీతంలోంచి వాటా కట్టే పింఛను పథకం. నెల గడుస్తుందో లేదోనన్న బెంగ ఉన్నవాడికి వ్యాపకం గురించి చెప్పడం అన్యాయం. కాటన్‌కు పింఛను ఉంది, అది మరచిపోకూడదు.

అయినా ఆ దారిలో నడిచినవాళ్లు మన మధ్యా ఉన్నారు. కేంద్ర జలసంఘంలో చీఫ్ ఇంజినీరుగా విరమించిన ఆర్.విద్యాసాగర్‌రావు, ఆ తర్వాతి ఏళ్లన్నీ తెలంగాణకు కృష్ణా గోదావరి నీళ్ల లెక్కలు అర్థమయ్యేలా చెప్పడానికి వెచ్చించారు. టీఎంసీలంటే భయపడే మామూలు మనిషి కూడా ఆయన మాట విని వాటా గురించి అడగడం మొదలుపెట్టాడు. 2014లో రాష్ట్ర ప్రభుత్వ సలహాదారయ్యారు. 2017లో చనిపోయారు.

ఈ నెలాఖరున కూడా నీటిపారుదల శాఖలో ఎందరో దిగిపోతారు. ఏ తూము కింద ఇసుక మేట వేస్తుందో, ఏ గట్టు వరదకు ముందు చెమర్చుతుందో కాలువ కాపలా చూసే లస్కరుకు తెలిసినంతగా ఏ మ్యాపుకూ తెలియదు. శాలువా కప్పే రోజుకు ముందే, అతన్ని కాలువ గట్టు మీద నడిపించుకుంటూ అదంతా రాయించుకునే ఏర్పాటు ప్రతి డివిజన్‌లోనూ కావాలి. రాసేవాడికి ఓ కుర్రాణ్ని తోడివ్వాలి. మే 15 సభల్లో ఈ సంగతి ఎవరైనా ఎత్తుతారా?