క్వార్టర్సు లేని ఉద్యోగాలు

ఇంక్రిమెంట్ల కాలం వచ్చిందంటే చాలు, మా ఆఫీసు కాంటీన్లో ఇళ్ళ కబుర్లు మొదలవుతాయి. ఎవరు ఎక్కడ అద్దెకి దిగుతున్నా అడిగే ప్రశ్నలు మూడే. ఏరియా మంచిదేనా, అద్దెంత, ఆఫీసుకి ఎంతసేపు. మూడూ కుదిరిన ఇల్లుందని ఎవరైనా అన్నారంటే ఆయన బ్రోకరై ఉండాలి. ఇదేదో మన తరానికే వచ్చిపడ్డ కష్టం అన్నట్టు మాట్లాడుకుంటాం అందరం.

నేను సికింద్రాబాదు వాణ్ణి. ఇక్కడ ఏ పేట ఎలా పుట్టిందో కాస్త తవ్వి చూస్తే నాకు అర్థమైందేమిటంటే, ఈ మూడు లెక్కలూ పాతవే, రెండొందల ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఎవరో ఒకరు వేస్తూనే ఉన్నారు. కాకపోతే చాలాకాలం ఆ లెక్క వేసింది ఉద్యోగికి జీతమిచ్చే దొర. అది ఉద్యోగి నెత్తి మీదకొచ్చి పట్టుమని పాతికేళ్ళయింది, అంతే.

అసలు ఈ ఊరు పుట్టిందే ఒక యజమాని తన మనుషుల్ని ఎక్కడ దింపాలా అని ఆలోచించడం వల్ల. 1798లో రెండో నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. కంపెనీ పటాలాలు రావాలి, ఖర్చు నిజాం భరించాలి. మరి వాళ్ళెక్కడ ఉండాలి? కోట గోడల లోపల దింపడం ఇద్దరికీ ఇష్టం లేదు. హుస్సేన్‌సాగర్‌కి ఉత్తరాన ఖాళీ మైదానాలున్నాయి, చెరువులో నీళ్ళున్నాయి. కోఠీలో ఉన్న రెసిడెంటుకి ఏదన్నా ముంచుకొస్తే గుర్రం మీద త్వరగా చేరుకునేంత దగ్గర, ఊళ్ళో గొడవలు గుడారాల దాకా రానంత దూరం. 1806లో అప్పటి నిజాం సికందర్ జా పేరు మీద ఆ దండు విడిదికి సికింద్రాబాదు అని పేరొచ్చింది. భద్రత, ఖర్చు, ప్రయాణం... మూడు గళ్ళూ నింపే ఆ స్థలం ఎంచారన్నమాట. ఖర్చు గడిలో ఎదుటివాడి డబ్బు రాసుకునే సౌకర్యం మనకి లేదు గానీ :-)

ఆ 'భద్రత' అన్న మాటకి అర్థం మాత్రం ఎప్పటికప్పుడు మారుతూ వచ్చింది. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో జనం కోఠీ రెసిడెన్సీ మీదకి వెళ్ళారు. దాడిని తిప్పికొట్టారు గానీ కంపెనీ వాళ్ళకి భయం పట్టుకుంది. ఆ తర్వాత తిరుమలగిరిలో (ఇంగ్లీషువాళ్ళ నోట్లో పడి ట్రిముల్‌ఘెరీ అయింది) చుట్టూ రాతికట్టుతో, కందకంతో ఒక పెద్ద దుర్గం లాంటిది కట్టుకున్నారు. అవసరమైతే చుట్టుపక్కలున్న తెల్లవాళ్ళంతా పరిగెత్తుకొచ్చి తలదాచుకోవడానికి. ఇప్పటి భాషలో చెప్పాలంటే అది గేటెడ్ కమ్యూనిటీ. గేటు దగ్గర రిజిస్టరుకి బదులు ఫిరంగులు.

కానీ ఆ రోజుల్లో సిపాయిని చంపింది శత్రువు కంటే ఎక్కువ జబ్బే. సికింద్రాబాదు పాత బారకాసులకి చెడ్డపేరు ఉండేది. ఇరుకు గదులు, మురికి నీళ్ళు, రక్తవిరేచనాలు. తిరుమలగిరిలో కొత్త బారకాసులు విశాలంగా కట్టడానికి అదీ ఒక కారణం. ఇంకా ఉత్తరాన, కాస్త ఎత్తు మీదున్న బొల్లారానికి ఆరోగ్యానికి మంచి చోటని పేరొచ్చింది. ఇప్పుడు మనం రాష్ట్రపతి నిలయం అంటున్నది ఒకప్పుడు రెసిడెంటుగారి బొల్లారం బంగళానే. అంటే పెద్ద ఉద్యోగులు గాలి మంచిదని ఊరి చివరికి పోయారు. దూరం వాళ్ళకి లెక్కలోది కాదు, బండీ బండివాడూ జీతంలో భాగమే కదా.

1897 ఆగస్టు 20న బేగంపేటలో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. 1902లో నోబెల్ బహుమతి దాకా తీసుకెళ్ళిన పని అది. స్కూల్లో ఇంతవరకే చెప్తారు. నాకు ఎక్కువ గుర్తుండిపోయింది హుసేన్ ఖాన్ సంగతి. మలేరియా ఉన్న మనిషాయన. దోమలతో కుట్టించుకున్నందుకు రాస్ ఆయనకి దోమకి ఒక అణా చొప్పున ఇచ్చాడు. కంటోన్మెంటు అంచున జ్వరంతో ఉన్న ఒక మనిషి తన రోగాన్ని అణాలకి అమ్ముకున్నాడు. ఆరోగ్యకరమైన స్థలం ఎంచుకునే అవకాశం ఎవరికి ఉంది, ఎవరికి లేదు అన్నది అక్కడే తెలిసిపోతుంది.

ఎందుకంటే దండు ఒక్కటే రాలేదు. మద్రాసు సైన్యంతో పాటు తమిళులు వచ్చారు. కంట్రాక్టర్లు, వంటవాళ్ళు, చాకళ్ళు, గుర్రాలు చూసుకునేవాళ్ళు, కోమట్లు. ఇప్పటికీ సికింద్రాబాదులో తరాల నుంచి స్థిరపడ్డ తమిళ కుటుంబాలు ఇన్నున్నాయంటే మూలం అదే. వీళ్ళకి బారకాసులు లేవు, కందకమూ లేదు. పని దగ్గరగా ఉంటే చాలని పటాలం పక్కనే గుడిసెలేసుకున్నారు. రెజిమెంటల్ బజారు, జనరల్ బజారు, లాల్ బజారు అన్న పేర్లు ఊరికే రాలేదు. వాళ్ళు వేసుకున్న లెక్కలో ఉన్నది ఒకటే గడి, నడిచి వెళ్ళగలిగేంత దూరం. అద్దె తక్కువ కావాలంటే ఇరుకు భరించాలి, ఇరుకులో ఉంటే జబ్బులు వస్తాయి. చెరువుకి అవతల హైదరాబాదులోనైతే మరీ ఘోరం. మూసీ ఒడ్డున చవగ్గా, పనికి దగ్గరగా ఉన్న పేటల మీదకే 1908 సెప్టెంబరు 28 వరద వచ్చింది. వేలమంది పోయారు. అక్కడ ఇల్లు కట్టుకున్నవాళ్ళకి నది పక్కనుందని తెలియక కాదు కదా.

ఇక రైలు. 1874లో వాడీ నుంచి సికింద్రాబాదుకి లైను వచ్చింది. 1893లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే లాలాగూడలో వర్క్‌షాపు పెట్టింది. దండు తర్వాత ఈ ఊరికి దొరికిన రెండో పెద్ద యజమాని రైల్వే. అదీ అదే సూత్రం పట్టుకుంది: పని పక్కనే ఇల్లు. లాలాగూడ, మెట్టుగూడ, చిలకలగూడ చుట్టూ క్వార్టర్సు లేచాయి. ఆఫీసర్లకి తోటలున్న బంగళాలు, డ్రైవర్లకీ గార్డులకీ ఒక వరస, కూలీలకి ఒంటిగది వరస. ఎవరి హోదా ఏమిటో వాళ్ళ వాకిలి చూసి చెప్పెయ్యొచ్చు. దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రంగా ఏర్పడ్డాక ఆ ప్రపంచం ఇంకా పెరిగింది.

మా తాత ఆ వర్క్‌షాపులోనే ఫిట్టరు. 1950లలో చేరి 1990లలో రిటైరయ్యాడు. ఆయన జీవితంలో ఎప్పుడూ 'ఏరియా ఎలాంటిది' అని అడిగి ఉండడు. ఇల్లు రైల్వేది, ఆసుపత్రి రైల్వేది, ఇరుగుపొరుగు అంతా రైల్వే. షాపుకి నడక పది నిమిషాలు, మధ్యాన్నం భోజనానికి ఇంటికొచ్చేవాడు. సెకండ్ షిఫ్టు అయి అర్ధరాత్రి నడిచొస్తున్నా వీధిలో అందరూ తెలిసిన మొహాలే. మూడు గళ్ళూ రైల్వేవాళ్ళే నింపి ఇచ్చారు.

ఇదంతా స్వర్గం అని చెప్పట్లేదు. క్వార్టరు అంటే ఉద్యోగం ఉన్నన్నాళ్ళే ఇల్లు. రిటైరయ్యాక ఖాళీ చెయ్యాలి. ముప్ఫై అయిదేళ్ళు ఒక వీధిలో ఉన్న మనిషి అరవై దగ్గర పడ్డాక మొట్టమొదటిసారి ఇల్లు వెతుక్కోవాలి. రైల్వేవాళ్ళు చాలామంది మల్కాజిగిరి, సఫిల్‌గూడ, మౌలాలి వైపు చిన్న చిన్న స్థలాలు కొనుక్కున్నది అందుకే. తాతా అంతే, మల్కాజిగిరిలో పీఎఫ్ డబ్బులతో రెండు గదులేశాడు. ఆయన పోయాక ముగ్గురు అన్నదమ్ములకి రెండు గదులు పంచడం కుదరక అమ్మేశారు. నేను అద్దె ఇళ్ళ వెబ్‌సైట్ల మీద పడటానికి చారిత్రక నేపథ్యం అదీ.

స్వాతంత్ర్యం తర్వాత వచ్చిన ప్రభుత్వ రంగ సంస్థలూ ఇదే దారి. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ టౌన్‌షిప్పు ఒక ఊరే. 1967లో ఈసీఐఎల్, 1971లో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు వచ్చాక కుషాయిగూడ వైపు కాలనీలు, వాటిని పట్టుకుని ఏఎస్‌రావు నగర్. మాజీ సైనికుల కోసం సైనిక్‌పురి. క్వార్టర్సు లేకపోతే కనీసం కోఆపరేటివ్ సొసైటీ, పొద్దున్నే కంపెనీ బస్సు. ఉద్యోగం వచ్చిందంటే పిల్లనిచ్చేవాళ్ళు అడిగే రెండో ప్రశ్న 'క్వార్టర్సు ఇస్తారా' అని ఉండేది మన చిన్నప్పటికి కూడా, గుర్తుందా?

1998 నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలైంది. గుండ్రటి భవనం, పది అంతస్తులు, చుట్టూ రాళ్ళు. ఈ ఊరికొచ్చిన మూడో పెద్ద యజమాని. దీనికి క్వార్టర్సు లేవు.

ఎందుకు లేవు అంటే ఐటీ కంపెనీలు పిసినారివని అనేవాళ్ళున్నారు గానీ నేను ఒప్పుకోను. వర్క్‌షాపు లేచి ఇంకో ఊరికి పోదు, ఫిట్టరు ముప్ఫై ఏళ్ళు ఉంటాడు. అలాంటప్పుడు ఇటుకల మీద పెట్టిన డబ్బు గిట్టుబాటు అవుతుంది. మన కంపెనీలు నాలుగు అంతస్తులు లీజుకి తీసుకుంటాయి, ప్రాజెక్టు పోతే రెండు ఖాళీ చేస్తాయి. మనమూ రెండేళ్ళకి ఆఫర్ లెటర్ చూపించి పోతాం. ఇలాంటి కాపురానికి ఎవరూ ఇల్లు కట్టరు. క్వార్టర్సు స్థానంలో జీతం చీటీలో హెచ్ఆర్ఏ అని ఒక లైను వచ్చింది. తాతకి దొరికిన ఇల్లు, ఇరుగుపొరుగు, పది నిమిషాల నడక, వీధి దీపం కింద తెలిసిన మొహాలు... అన్నీ కలిపి నాకు ఒక అంకెగా మార్చి ఇచ్చారు. ఆ అంకెతో అద్దె వరకే కడుతున్నాం. మిగతావాటికి మన రోజులో గంటలు కడుతున్నాం. రాత్రిపూట భయం కింద కట్టేది ఎక్కువగా ఆడవాళ్ళే.

యజమాని తన దగ్గర అట్టేపెట్టుకున్నది ఒకే ఒక్కటి, రాత్రి బండి. 2005 డిసెంబరులో బెంగళూరులో ఒక కాల్‌సెంటర్ ఉద్యోగిని కంపెనీ బండే అనుకుని ఎక్కింది, ఆ డ్రైవరే చంపేశాడు. 2013 అక్టోబరులో మన హైటెక్ సిటీ దగ్గరే ఒక సాఫ్ట్‌వేర్ అమ్మాయి కాబ్ అనుకుని కారెక్కితే ఎత్తుకుపోయి అత్యాచారం చేశారు. 2014 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు షీ టీములు పెట్టారు. కంపెనీల్లో ట్రాన్స్‌పోర్టు డెస్కు, బండిలో గార్డు, చివరి డ్రాప్ అమ్మాయిది కాకూడదన్న నియమం... వీటి విలువ నైట్ షిఫ్టు చేసే మనిషి ఇంట్లో ఉంటే తెలుస్తుంది. మా ఆవిడ షిఫ్టు అయ్యేది రాత్రి ఒంటిగంటకి.

ఇల్లు వెతికేటప్పుడు మేం మొదట చూసింది బొల్లారం. చెట్లు, నిశ్శబ్దం, ఎక్కువ అంతస్తులు లేవనివ్వని కంటోన్మెంటు నిబంధనల పుణ్యమా అని కాస్త ఆకాశం, మెట్రో పక్కన అద్దెల కంటే తక్కువ అద్దె. రెసిడెంటుగారు మెచ్చిన గాలి మాకూ నచ్చింది. వాళ్ళ ట్రాన్స్‌పోర్టు డెస్కుకి ఫోన్ చేస్తే బోయినపల్లి దాకా రూటు ఉంది, అవతలకి లేదన్నారు. అదే కంపెనీ ఫ్లెక్సీల మీద మహిళల భద్రతే మా ప్రాధాన్యం అని రాసి ఉంటుంది! 1806లో దండు గీత ఎక్కడ గీయాలో కంపెనీ వాళ్ళు మ్యాపు ముందేసుకుని కూర్చున్నట్టే ఇప్పుడు ఒక ట్రాన్స్‌పోర్టు గుమాస్తా ఎక్సెల్ షీటు ముందేసుకుని కూర్చుంటాడు. గీతకి ఇవతల ఉన్న ఇళ్ళు సేఫ్ ఏరియా, అవతలవి మీ ఇష్టం. హైదరాబాదులో ఆడపిల్లలు ఎక్కడ అద్దెకి ఉండాలో చాలావరకు నిర్ణయించేది ఆ షీటే అని నా అభిప్రాయం. దాని గురించి ఎవరూ మాట్లాడరు, అందరూ గచ్చిబౌలి అద్దెల గురించే ఏడుస్తారు.

రైళ్ళు మాత్రం ఈ ఊరికి రెండోసారి మేలు చేశాయి. 2003 ఆగస్టులో ఎంఎంటీఎస్ వచ్చి సికింద్రాబాదుని లింగంపల్లితో కలిపింది, దార్లో హైటెక్ సిటీ స్టేషను. 2017 నవంబరులో మెట్రో నాగోలు నుంచి అమీర్‌పేట దాకా, 2019 మార్చిలో హైటెక్ సిటీ దాకా. ఆ లైను తార్నాక, మెట్టుగూడ, సికింద్రాబాదు ఈస్టు మీదుగా పోతుంది. అంటే నూట ముప్ఫై ఏళ్ళ కిందట రైలు పనివాళ్ళ కోసం ఎంచిన పేటల పక్కనుంచే ఇవాళ ఐటీ పనివాళ్ళ బండి నడుస్తోంది. దొరలు గాలి కోసం వెళ్ళిన అల్వాల్, బొల్లారం మెట్రో లేకుండా ఉండిపోయాయి. తెలిసిపోయింది కాబట్టి మెట్టుగూడ ఓనర్లు కూడా ఇప్పుడు 'స్టేషన్ పక్కనే సార్' అంటూ అద్దె చెప్తున్నారు.

మేం దిగింది అక్కడే, తాతవాళ్ళ క్వార్టరుండిన వీధికి కొంచెం దూరంలో. పొద్దున నేను మెట్రోలో పోతాను. ఆవిడకి తార్నాక రూటు బండి ఉంది, మెయిన్ రోడ్డు మీద దింపుతుంది, సందులోకి రాదు. ఒంటిగంటన్నరకి ఫోన్ మోగగానే నేను చెప్పులేసుకుని సందు చివరిదాకా వెళ్తాను. వీధి దీపాలు బాగానే వెలుగుతాయి. తెలిసిన మొహాలంటే ఇప్పటికి ఏటీఎం దగ్గర వాచ్‌మన్ ఒక్కడే.