వ్యాప్తిగ్రహణము: వంటశాల నుండి పర్వతము వరకు

దూరపు కొండపై ధూమమును చూచినవాడు అక్కడ అగ్ని ఉన్నదని నిశ్చయిస్తాడు. ఆ అగ్నిని అతడు చూడలేదు. వంటశాలలో, యజ్ఞశాలలో ధూమాగ్నుల సాహచర్యమును చూచి, ధూమమున్న చోటెల్లా అగ్ని ఉంటుందనే నియమమును గ్రహించాడు. దానికే వ్యాప్తి అని పేరు. కొన్ని దృష్టాంతముల నుండి సర్వదేశ సర్వకాలములకు వర్తించే నియమము ఎట్లు సిద్ధిస్తుంది?

సిద్ధించదన్నారు చార్వాకులు. భూతభవిష్యత్తులు ఇంద్రియములకు అందవు. అనుమానముచేతనే వ్యాప్తిని సాధిస్తే, ఆ అనుమానమునకు మరొక వ్యాప్తి కావలసి అనవస్థ కలుగుతుంది. 14వ శతాబ్దపు సర్వదర్శనసంగ్రహములో మాధవాచార్యులు ఈ ఆక్షేపమును వివరంగా పొందుపరచారు. ఇది కేవల తర్కక్రీడ కాదు. వ్యాప్తి కూలితే అనుమానము కూలుతుంది. ప్రత్యక్షమునకు అందని ఆత్మ, పరలోకము, ఈశ్వరుడు అనే విషయములలో యుక్తిమార్గమే మూసుకొనిపోతుంది.

బౌద్ధాచార్యుడు ధర్మకీర్తి 7వ శతాబ్దములో ఒక సమాధానము చెప్పాడు: సాహచర్య దర్శనము మాత్రమే చాలదు, కార్యకారణభావమో తాదాత్మ్యమో ఉన్నప్పుడే నియమము నిలుస్తుంది. నైయాయికులు వేరొక మార్గము పట్టారు. సాహచర్యము కనబడాలి, వ్యభిచారము కనబడరాదు, ఉపాధి ఉండరాదు. అగ్ని ఉన్నచోటెల్లా ధూమము ఉంటుందని అనలేము. ఎర్రగా కాలిన ఇనుపగుండులో అగ్ని ఉన్నా ధూమము లేదు. ధూమమునకు తడికట్టెల సంయోగము కావాలి. ఆ సంయోగమే అక్కడి ఉపాధి.

శంక మాత్రము ఎక్కడ ఆగుతుంది? 10వ శతాబ్దమునకు చెందిన ఉదయనాచార్యులు న్యాయకుసుమాంజలిలో దీనికి బదులిచ్చారు. కాలాంతర దేశాంతరములను గూర్చి శంకించువాడు వాటిని అనుమానముచేతనే ఎరుగుతాడు. కనుక అతని శంకయే అనుమానమును అంగీకరిస్తున్నది. శంక తన ఆచరణకే విరుద్ధమైనచోట ఆగిపోతుంది. 12వ శతాబ్దములో శ్రీహర్షుడు దీనిని ఆక్షేపించగా, మిథిలకు చెందిన గంగేశోపాధ్యాయులు తత్త్వచింతామణిలో తిరిగి సమర్థించారు. ఒక ధూమమును చూచినపుడు ధూమత్వము ద్వారా సకల ధూమములూ జ్ఞానమునకు గోచరిస్తాయని కూడ ఆయన ప్రతిపాదించారు. ఆ సామాన్యలక్షణ ప్రత్యాసత్తిని ఆయన సంప్రదాయమువాడే అయిన రఘునాథ శిరోమణి నిరాకరించారు.

ఉదయనులు కార్యమునకు కర్త ఉంటాడనే వ్యాప్తితో జగత్కర్తను సాధించారు. శ్రీభాష్యములో భగవద్రామానుజులు ఆ అనుమానమును అంగీకరించలేదు. కుండను చేసిన కుమ్మరి శరీరము కలవాడు, పరిమితశక్తి కలవాడు. ఆ దృష్టాంతమును అనుసరిస్తే సిద్ధించే కర్త కూడ అట్టివాడే కావాలి. కనుక పరబ్రహ్మమునకు శాస్త్రమే ప్రమాణమన్నారు. వంటశాలలో నేర్చిన నియమము కొండవరకు నడిపిస్తుంది. అంతకు పైన అది ఎంతదూరము నడిపించగలదనే విషయములోనే ఈ ఆచార్యులు భేదించారు.