విజ్ఞానశాస్త్రమున భారత స్త్రీ: మినహాయింపు నుండి హక్కు వరకు

బాలికలు విజ్ఞానశాస్త్రములను అభ్యసింపవలెనని నేడు చెప్పనివారు లేరు. సభలలో ఉపన్యాసములకు, పాఠశాలలలో బహుమానములకు, పత్రికలలో ప్రశంసలకు కొదువ లేదు. అయినను గడచిన నూటయేబది సంవత్సరముల చరిత్రను పరిశీలించువారికి ఒక విషయము స్పష్టమగును. ఒక విశ్వవిద్యాలయము తన నిబంధనను మార్చుకొన్నప్పుడు, ఒక విద్యార్థివేతనము ఏర్పడినప్పుడు, ఒక వసతిగృహమున గది దొరకినప్పుడు శాస్త్రశాలల తలుపులు స్త్రీలకు తెరచుకొన్నవి. అట్టి ఏర్పాటు లేనిచోట ఎంతటి ప్రతిభావంతురాలైనను ఒకరి దయకై నిరీక్షింపవలసివచ్చెను. దయచే లభించునది మినహాయింపు. నియమముచే లభించునది హక్కు. ఈ రెంటికి నడుమ గల దూరమును దాటుటయే భారత స్త్రీ విజ్ఞానయాత్రలో కష్టతరమైన భాగము.

మొదట తెరచుకొన్నది వైద్యవిద్య. దానికి కారణము సమాజావసరము. ఘోషాలో నుండు స్త్రీలు పురుషవైద్యుని ఎదుటికి రారు. ప్రసవసమయమున తగిన వైద్యమందక ఎందరో మరణించుచుండిరి. 1875లో మద్రాసు వైద్యకళాశాల నలుగురు స్త్రీలను చేర్చుకొనెను. వారిలో నొకరైన మేరీ షార్లీబ్ తరువాతి కాలమున ఇంగ్లండున పేరెన్నికగన్న వైద్యురాలయ్యెను. కలకత్తా వైద్యకళాశాల మాత్రము అప్పటికి స్త్రీలను అంగీకరింపలేదు. అందుచే అబలా దాస్ అను వంగయువతి 1882లో ప్రభుత్వ విద్యార్థివేతనముతో మద్రాసునకు తరలిరావలసివచ్చెను. ఒకే సామ్రాజ్యమున ఒక నగరమున అనుమతి, వేరొక నగరమున నిషేధము! స్త్రీల బుద్ధి ఊరూరికి మారునది కాదు. మారినది కళాశాల నిబంధన మాత్రమే.

కలకత్తాలోను ఆ నిబంధన ఎక్కువ కాలము నిలువలేదు. 1883లో బెథూన్ కళాశాల నుండి చంద్రముఖీ బసు, కాదంబినీ బసు పట్టభద్రులైరి. కాదంబిని వివాహానంతరము గంగూలీ యయ్యెను. ఆమె వైద్యకళాశాలలో ప్రవేశించి, ఒక విషయమున ప్రాయోగిక పరీక్ష తప్పుటచే విశ్వవిద్యాలయ పట్టమునకు బదులు 1886లో ఆ కళాశాల ఇచ్చు యోగ్యతాపత్రమును పొంది వృత్తి నారంభించెను. అదే సంవత్సరమున ఆనందీబాయి జోషి అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున మహిళా వైద్యకళాశాల నుండి వైద్యపట్టము నందుకొనెను. ఆమెకు పదునాలుగవ యేట కలిగిన శిశువు పదిదినములు మాత్రమే జీవించెను. వైద్యురాలు కావలెనను సంకల్పము ఆ దుఃఖము నుండి పుట్టినదని ఆమె చరిత్రకారులు చెప్పుదురు. స్వదేశమునకు తిరిగివచ్చిన కొలది మాసములకే, 1887 ఫిబ్రవరిలో, ఇరువదిరెండేండ్లయినను నిండకయే ఆమె క్షయవ్యాధిచే మరణించెను.

వైద్యురాలు కావలెనని సమాజమే కోరెను. వృక్షశాస్త్రజ్ఞురాలు, రసాయనశాస్త్రజ్ఞురాలు కావలెనని ఎవరును కోరలేదు. కనుక శుద్ధవిజ్ఞానము వైపు స్త్రీ నడక మరింత ఆలస్యమయ్యెను. 1914లో మద్రాసున స్త్రీల కొరకు స్థాపింపబడిన కళాశాల అనంతరము క్వీన్ మేరీ కళాశాలగా ప్రసిద్ధమై, ఆ నడకకు బాట వేసెను. 1897లో తలశ్శేరిలో జన్మించిన ఇ. కె. జానకీ అమ్మాళ్ అచ్చట చదివి, పిమ్మట ప్రెసిడెన్సీ కళాశాలలో వృక్షశాస్త్రము నభ్యసించెను. ఆసియాఖండపు స్త్రీల కొరకై మిచిగన్ విశ్వవిద్యాలయమున బార్బర్ అను దాత నెలకొల్పిన విద్యార్థివేతనము ఆమెను అమెరికాకు కొనిపోయెను. 1931లో ఆమె డాక్టరేటు పొందెను. కోయంబత్తూరు చెరకు పరిశోధనాలయమున చెరకును ఇతర తృణజాతులతో సంకరము చేసి నూతన మొక్కలను సృష్టించెను. 1945లో సి. డి. డార్లింగ్టనుతో కలసి సాగుమొక్కల క్రోమోసోముల గూర్చి బృహద్గ్రంథమును ప్రకటించెను. బార్బర్ నిధి జానకి కొక్కతెకే ఇచ్చిన కానుక కాదు. అర్హత గల ప్రతి ఆసియా స్త్రీకిని నిలిచియుండిన ద్వారము. దాని విలువ యందే యున్నది.

అట్టి ద్వారము లేనిచోట ఏమి జరుగునో బెంగుళూరులోని భారత విజ్ఞాన సంస్థ చరిత్ర తెలుపును. బొంబాయి విశ్వవిద్యాలయమున బి.యస్సి. పరీక్షలో ప్రథమశ్రేణిలో నిలిచిన కమలా భాగవత్ 1933లో అచ్చట పరిశోధనకు దరఖాస్తు చేసెను. ఆమె తండ్రియు, తండ్రి సోదరుడును రసాయనశాస్త్రజ్ఞులు. నాటి డైరెక్టరు, నోబెల్ బహుమాన గ్రహీత సి. వి. రామన్, ఆమె స్త్రీ యను కారణముచే ప్రవేశము నిరాకరించెను. కమల వెనుదీయక బెంగుళూరునకు వెళ్లి కారణము చెప్పుమని ప్రశ్నించెను. చివరకు ఆయన అంగీకరించెను. కాని ఒక సంవత్సరము వరకు ఆమెను పూర్తి విద్యార్థినిగా పరిగణింపరాదనియు, పనిచే తాను తృప్తుడైనప్పుడే గుర్తింపు కలుగుననియు షరతు విధించెను. కమల ఆ పరీక్షలో నెగ్గెను. ఆమె నిష్ఠను చూచిన పిమ్మట రామన్ తరువాతి సంవత్సరములలో ఇతర స్త్రీలను చేర్చుకొనెను. ఆమె కేంబ్రిడ్జికి పోయి, మొక్కల శ్వాసక్రియలో సైటోక్రోమ్ సి పాత్రను నిరూపించి 1939లో డాక్టరేటు పొందెను. స్వదేశమున కమలా సోహొనీ అను పేర, నీరా మొదలగు సామాన్యుల ఆహారపదార్థముల పోషకవిలువలను పరిశోధించెను. అయినను ఒక ప్రశ్న మిగులును. అదే తరగతిలో చేరిన యువకుడు తనను మాత్రమే నిరూపించుకొనిన చాలును. కమల సమస్త స్త్రీజాతిని నిరూపింపవలసివచ్చెను. ఆమె ఓడియుండినచో ఆ ఓటమి ఎందరి తలుపులు మూసియుండెడిదో!

1940లో అదే సంస్థలో రామన్ ప్రయోగశాలలోనే చేరిన అన్నా మణి అనుభవము మరియొక విధమైనది. ఆమె వజ్రముల, కెంపుల కాంతిగుణములను పరిశోధించి వ్యాసములు ప్రకటించెను. 1945లో సిద్ధాంతవ్యాసమును మద్రాసు విశ్వవిద్యాలయమునకు సమర్పించెను. ఆమెకు ఎం.యస్సి. పట్టము లేదను కారణముచే విశ్వవిద్యాలయము డాక్టరేటు నిరాకరించెను. ఆమె ఇంగ్లండున వాతావరణ పరికరముల నిర్మాణము నేర్చుకొని, 1948లో భారత వాతావరణశాఖలో ప్రవేశించెను. అంతవరకు విదేశముల నుండి తెప్పించుకొను పరికరములను దేశముననే తయారుచేయుటకు దాదాపు నూరు పరికరముల నమూనాచిత్రములను ప్రమాణబద్ధము గావించెను. సూర్యరశ్మి కొలతల గూర్చి ఆమె రచించిన గ్రంథములు సౌరశక్తి పరిశోధకులకు ఆధారమైనవి. 1976లో ఆ శాఖలో ఉపసంచాలక పదవి నుండి విరమించెను. డాక్టరేటు మాత్రము ఆమెకు ఎన్నడును రాలేదు.

మినహాయింపు నియమముగా మారిన సుందరమైన ఉదాహరణము తెలుగువారి చరిత్రలోనే కలదు. 1919లో జన్మించిన అయ్యలసోమయాజుల లలితకు పదునైదవ యేట వివాహమయ్యెను. పదునెనిమిదవ యేట, ఒడిలో నాలుగు మాసముల బిడ్డ యుండగా, వైధవ్యము ప్రాప్తించెను. ఆమె తండ్రి పప్పు సుబ్బారావు మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యులు. వైద్యవృత్తి రాత్రింబవళ్లు బిడ్డకు దూరముగ నుంచునని ఆమె ఇంజనీరింగు వైపు మ్రొగ్గెను. తండ్రి ప్రిన్సిపాలు కె. సి. చాకో గారి యనుమతిని, ప్రభుత్వ విద్యాశాఖ యనుమతిని సంపాదించెను. వందలకొలది యువకుల నడుమ ఒక్క యువతి. వసతిగృహమున ఆమెకు వేరు గది. ఇంతవరకు ఇది మినహాయింపే. కాని కళాశాల అచ్చటితో ఆగలేదు. స్త్రీలకు ప్రవేశము కలదని ప్రకటన చేయగా, మరుసటి యేడు లీలమ్మ జార్జి, పి. కె. త్రేస్యా అను ఇరువురు యువతులు సివిల్ శాఖలో చేరిరి. ముగ్గురును పట్టభద్రులైనప్పుడు పట్టాపత్రములపై అచ్చులో నుండిన ‘అతడు’ అను మాటను కొట్టివేసి ‘ఆమె’ అని వ్రాయవలసివచ్చెను. లలిత కలకత్తాలో విద్యుత్ సంస్థలో పనిచేయుచు భాక్రానంగల్ విద్యుత్ప్రసార పథకమునకు తోడ్పడెను; 1964లో న్యూయార్కున జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల ప్రథమ అంతర్జాతీయ సభలో పాల్గొనెను. త్రేస్యా 1971లో కేరళ ప్రభుత్వమున ప్రధాన ఇంజనీరు పదవి నలంకరించెను. ఒక తండ్రి ప్రేమ ఒక కుమార్తెకు దారి చూపెను. ఒక ప్రకటన ఇతరుల కుమార్తెలకును దారి చూపెను.

స్వాతంత్ర్యానంతరము రాజ్యాంగము స్త్రీపురుషులకు సమానావకాశమును శాసించెను. 1944లో కలకత్తా విశ్వవిద్యాలయము నుండి డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టమందిన ఆసీమా చటర్జీ 1975లో భారత సైన్సు కాంగ్రెసునకు అధ్యక్షురాలయ్యెను. అంతకు ముందు ఆ పీఠమున ఏ స్త్రీయు కూర్చుండలేదు. ఇటీవలి కాలమున దేశమున శాస్త్రసాంకేతిక విద్యలు అభ్యసించువారిలో నూటికి నలువదిమందికి పైగా బాలికలే. కాని 2018 నాటి ప్రభుత్వ గణాంకములలో పరిశోధకవృత్తిలో నున్న స్త్రీలు నూటికి 16.6 మాత్రమే. తరగతిగదికిని ప్రయోగశాలకును నడుమ ఇందరు ఎచ్చట జారిపోయిరి? వివాహము, ప్రసవము, శిశుపోషణ, భర్త ఉద్యోగపు బదిలీ, ఉద్యోగములకు వయఃపరిమితి — ఇవన్నియు ఆ నడుమనే యున్నవి. వీనిని తొలగింప ఉపన్యాసమునకు శక్తి లేదు. ఉద్యోగవిరామము పొందిన స్త్రీలు తిరిగి పరిశోధనకు రాగలుగునట్లు 2002-03లో కేంద్రప్రభుత్వ శాస్త్రసాంకేతిక విభాగము ఆరంభించిన పథకము, 2018లో ఐ.ఐ.టి.లలో బాలికలకై కల్పించిన అదనపు స్థానములు — ఇట్టివి ఆ శక్తి కలవి.

కమల, అన్నా మణి, లలిత వంటివారి ధైర్యమును కీర్తించుట న్యాయమే. కాని అంతటి ధైర్యము కలవారికి మాత్రమే శాస్త్రవిద్య లభించిన కాలమును ఆదర్శముగ భావింపరాదు. యువకులలో అసాధారణులే గాక సామాన్యబుద్ధి కలవారును ఇంజనీర్లు, శాస్త్రజ్ఞులు అగుచున్నారు. సామాన్యమైన తెలివియు, సామాన్యమైన ధైర్యమును గల బాలిక కూడ, ఎవరి దయయు కోరకయే, తన దరఖాస్తును పంపి ప్రయోగశాలలో అడుగుపెట్టగలిగిననాడే ఆ మహనీయురాండ్ర శ్రమ పూర్తిగా ఫలించినట్లగును.