సముద్రము దాచిన ఎరుపు

రంగులలో ఎరుపు మన కంటిని అన్నిటికంటె ముందు పిలుచును. కుంకుమబొట్టు గాని, పండుమిరపకాయ గాని, మందారము గాని ఎంత దూరముననున్నను మన చూపును ఆకర్షించును. అట్టి ఎరుపే సముద్రగర్భమున అన్నిటికంటె ముందు అదృశ్యమగు రంగు అని విన్నచో శ్రోతలకు వింతగా తోచవచ్చును. పది నిలువుల లోతునకు మందారపువ్వును గొనిపోయి చూచినచో అది నల్లగా కనబడును. పువ్వు మారలేదు, దానిపై బడు వెలుగులో ఎరుపు మిగులలేదు, అంతియే.

సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైగా ఎత్తున, బండరాళ్ల నడుమ వెలసిన హైదరాబాదునకు ఈ విషయముతో ఏమి పని యని అడుగవచ్చును. 1998 నవంబరు 22వ తేదీన సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి మాదాపురము, గచ్చిబౌలి ప్రాంతములు కంప్యూటరు కొలువుల నగరముగా పెరిగినవి. అచ్చటి యువతీయువకులలో పలువురు సెలవులు దొరకగానే అండమాను దీవులకో, విశాఖ తీరమునకో పోయి, గాలి నింపిన సీసాను వీపున కట్టుకొని నీట మునుగుచున్నారు. అరచేతిలో ఇముడు కెమెరాతో చలనచిత్రములు తీయుచున్నారు. ఇంటికి వచ్చి తెరపై చూచుకొన్నప్పుడు చేపలు, పగడములు, తోటివారి ముఖములు సైతము నీలిమందులో ముంచినట్లుండును. ‘కెమెరాకు ఏ రంగు అద్దము తొడుగవలెను?’ అను ప్రశ్న అప్పుడు పుట్టును. ఈ చిన్న ప్రశ్న వెనుక నూరేండ్లు దాటిన చరిత్ర గలదు. అందు మన తెలుగుసీమకును పాలు గలదు.

1892లో ఒక తమిళ కుటుంబము విశాఖపట్టణమునకు తరలివచ్చినది. తండ్రి చంద్రశేఖర అయ్యరుగారు అచ్చటి ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులు. కుమారుడు వేంకటరామన్. సముద్రతీరపు ఆ పట్టణముననే బాలుని బడిచదువు, కళాశాల తొలి చదువు సాగినవి. 1921లో సర్ సి. వి. రామన్ ఇంగ్లండు నుండి ‘నార్కుండా’ అను ఓడపై తిరిగివచ్చుచు మధ్యధరా సముద్రపు నీలిమను చూచి విస్మితుడయ్యెను. సముద్రము నీలముగా నుండుట ఆకాశపు నీడవలననే అని లార్డు రేలీ అంతటి విద్వాంసుడు చెప్పియుండెను. రామన్ తన వెంటనున్న నికల్ పట్టకము ద్వారా, నీటిపై ప్రతిఫలించు ఆకాశకాంతిని అడ్డగించి చూచెను. ఆకాశపు నీడ తొలగినను నీలిమ తొలగలేదు; ఇంకను చిక్కనైనది. నీలిమ నీటి సొంత సొత్తు అని తేలినది. ఆ సెప్టెంబరు 26న బొంబాయి రేవునుండి వ్రాసిన ఆయన లేఖను ‘నేచర్’ పత్రిక నవంబరులో ప్రకటించెను. ఆ దారి వెంటనే నడచి 1928లో రామన్ ఫలితమును కనుగొని, 1930లో నోబెల్ బహుమతి పొందినారు. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివిన సూరి భగవంతముగారు ఆ దినములలోనే కలకత్తాలో రామన్‌గారి వద్ద చేరి, తరువాత 1952 నుండి 1957 వరకు ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరుగా నుండిరి.

నీటి నీలిమకు రెండు కారణములని నేడు మనకు తెలియును. నీటి అణువులు వెలుగును చెదరగొట్టుట ఒకటి. అవి ఎరుపును మ్రింగుట రెండవది. రెండవదే బలవత్తరమైనది. నిర్మలమైన నీటిలో ముదురు ఎరుపు 5 మీటర్లు సాగునప్పటికి ఐదవవంతుకు లోబడియే మిగులును. 10 మీటర్లకు నూటికి మూడు పాళ్లు మాత్రమే. నీలమన్ననో 10 మీటర్ల పిమ్మటను నూటికి తొంబది పాళ్లు నిలిచియుండును. ఎరుపు తరువాత నారింజ, ఆపై పసుపు వరుసగా క్షీణించును. ఇందు మరువరాని విషయ మొకటి గలదు. వెలుగు పైనుండి చేపవరకు దిగుటయే గాక, చేపనుండి కెమెరావరకు నీటిలోనే నడువవలెను. 10 మీటర్ల లోతున, 2 మీటర్ల దూరముననున్న చేపకు లెక్క 12 మీటర్లు. కావుననే అనుభవజ్ఞులు ‘దగ్గరకు పొమ్ము, మరికొంత దగ్గరకు పొమ్ము’ అని బోధింతురు.

నీటిలో చిత్రము తీయు విద్య 1893లో ఫ్రాన్సు దేశపు బాన్యుల్స్ తీరమున లూయీ బూతాఁ అను జీవశాస్త్రజ్ఞునితో చక్కగా ఆరంభమైనది. అవి నలుపు తెలుపు చిత్రములు గనుక రంగుల చిక్కు రాలేదు. 1926లో అమెరికాలోని ఫ్లోరిడా తీరమున విలియం లాంగ్లే, చార్లెస్ మార్టిన్ అనువారు తొలిసారిగా రంగుల చిత్రము తీసిరి. తెప్పపై మెగ్నీషియము పొడిని పేల్చి, ఆ మెరుపులో ఒక చేపను ఫలకముపై పట్టిరి. ఒక పేలుడులో లాంగ్లేకు గాయములు సైతము తగిలినవి. 1943లో కూస్తో, గాన్యాఁ అనువారు నీట శ్వాసించు సాధనమును నిర్మించిన పిమ్మట మానవుడు చేపవలె స్వేచ్ఛగా ఈదసాగెను. లోతున గాయపడిన చేప నెత్తురు ఆకుపచ్చగా కనబడినదనియు, పైకి వచ్చినకొలది అది ఎరుపైనదనియు కూస్తో వర్ణించినాడు. 1956లో ఆయన చలనచిత్రము ‘నిశ్శబ్ద ప్రపంచము’ బలమైన దీపముల వెలుగున పగడముల అసలు రంగులను లోకమునకు చూపి, కాన్స్ ఉత్సవమున ప్రథమ బహుమానము నందినది.

దీపము మోయలేనివారికి రంగు అద్దమే దిక్కు. అయితే అద్దము యొక్క శక్తిని గూర్చి భ్రమ యుండరాదు. ఎఱ్ఱ అద్దము ఎరుపును పుట్టింపదు. నీలమును, పచ్చను కొంత అడ్డగించి, మిగిలిన కొలది ఎరుపుతో వానిని సమము చేయును. పంచుటకు కొరత యున్నప్పుడు పెద్దవాని వాటాను తగ్గించుట వంటిది. కనుక చిత్రమునకు అందు వెలుగు సగమునకో, పాతికకో పడిపోవును. మూడు మీటర్లలోపు అద్దము పెట్టినచో అంతయు ఎఱ్ఱబారును. సుమారు 5 మీటర్లనుండి 15, 18 మీటర్లవరకు అది బాగుగా పనిచేయును. అంతకు దిగువ పంచుటకు ఎరుపే లేనందున అద్దము వ్యర్థము, దీపమే శరణ్యము. దీపము వెలిగించినప్పుడు ఎఱ్ఱ అద్దమును తీసివేయవలెను. లేనిచో ఎదుటనున్నది ఎఱ్ఱముద్దగా కనబడును.

అద్దము నెన్నుకొనుటకు లోతుతోపాటు నీటి జాతిని గూడ ఎఱుగవలెను. అండమానుల వంటి తేటనీలపు నీటికి ఎఱ్ఱ అద్దము తగును. విశాఖ తీరపు నీరు అట్లుండదు. అచ్చట కంటికి కానరాని నాచు పెరిగినప్పుడును, వానకాలపు నదుల ఒండ్రు కలిసినప్పుడును నీరు పచ్చబారును. పచ్చనీటికి, పచ్చను అడ్డగించు మెజెంటా, అనగా ఊదా గలిసిన గులాబి వన్నె అద్దము కావలెను. 1952లో అమెరికానుండి వచ్చి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో సముద్రపరిశోధనకు తోడ్పడిన లాఫాండు పండితుడు, ఆ తీరమున కొన్ని ఋతువులలో లోతునీరు పైకి పొంగి వచ్చుననియు, మరికొన్నింట పైనీరు క్రిందికి దిగుననియు వివరించెను. ఆ పొంగునీటితోనే నాచునకు ఆహారము వచ్చును. ఒకే తీరమునకు ఏడాది పొడవున ఒకే అద్దము చాలదనుటకు ఇదియే హేతువు. ఎండ వీపువైపునుండి పడునట్లు నిలిచి, తెల్లని పలకను కెమెరాకు చూపి ‘ఇది తెలుపు’ అని గుర్తింపజేసి, కొన్ని మీటర్లు దిగినప్పుడెల్ల మరల ఆ పని చేయుట మంచి పద్ధతి.

ఇక మన నగరముననే, ప్రగతినగరులో, 1999లో నెలకొల్పిన జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రము గలదు. ఇన్‌కాయిస్ అని వ్యవహరింతురు. ఆ ఏడు మే 26న మన దేశము ప్రయోగించిన ఓషన్‌శాట్ ఉపగ్రహము 720 కిలోమీటర్ల ఎత్తునుండి ఎనిమిది అద్దముల ద్వారా, ఎనిమిది రంగులలో సముద్రమును చూచినది. ఈతగాని ఎఱ్ఱ అద్దమునకును, ఉపగ్రహపు అద్దములకును సూత్రమొక్కటే: వలసిన వెలుగును రానిచ్చి, మిగిలినదానిని ఆపుట. అట్టి ఉపగ్రహములు చెప్పు నీటి వన్నెనుబట్టియు, వేడినిబట్టియు చేపలు దొరకగల తావులను ఇన్‌కాయిస్‌వారు జాలరులకు తెలుపుచున్నారు. నీరు హద్దుమీరి వేడెక్కినప్పుడు పగడములకు రానున్న అపాయమును గూర్చియు హెచ్చరికలు ప్రకటించుచున్నారు.

ఇచ్చటనే రంగు అద్దము వేడుకవస్తువు స్థానమునుండి సాక్షి స్థానమునకు చేరుచున్నది. వేడికి తాళలేని పగడము, తనలో నివసించి రంగును, ఆహారమును ఇచ్చు సూక్ష్మజీవులను వెళ్లగొట్టి తెల్లబారును. 2010లోను, 2016లోను అండమానులలో ఇది జరిగినది. 2024 ఏప్రిలులో ప్రపంచవ్యాప్తముగా నాల్గవసారి పగడములు తెల్లబారుచున్నవని శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఉపగ్రహము నీటి వేడిని చెప్పగలదు. ఫలానా దిబ్బపై పగడము బ్రతికినదా అని నీట మునిగినవాడే చూచి చెప్పవలెను. అతడు తెచ్చిన చిత్రమున తగని అద్దమువలన తెల్లబారిన పగడము గులాబివన్నె పొందినచో, ఆ చిత్రము అబద్ధసాక్ష్యమగును. అందువలననే క్వీన్స్‌లాండు విశ్వవిద్యాలయమువారు 2002లో ఆరంభించిన కోరల్‌వాచ్ సంస్థ రంగుల పట్టికనొకదానిని పగడము ప్రక్కనే పట్టి పోల్చు పద్ధతిని ప్రచారము చేసినది. పట్టికయు పగడమును ఒకే నీటిలో, ఒకే వెలుగులో నుండును గనుక మోసమునకు తావు తక్కువ. 2019లో అక్కాయ్‌నక్, ట్రీబిట్స్ అను పరిశోధకులు ప్రతి వస్తువు దూరమును లెక్కించి, నీరు తెచ్చిన మార్పును చిత్రమునుండి తొలగించు గణితమును రూపొందించిరి. అయినను కెమెరాకు అసలే అందని ఎరుపును ఏ గణితమును తేలేదు. బలవంతముగా పెంచినచో ఇసుక చల్లినట్లు చుక్కలే మిగులును.

కావున సముద్రమున దిగు మన యువజనులు తమ చిత్రములతోపాటు లోతెంత, దూరమెంత, నీరు నీలమా పచ్చయా, తొడిగిన అద్దమేది అని నాలుగు మాటలు వ్రాసియుంచినచో మేలు. నేడు వేడుకకై తీసిన చిత్రమే రేపు ఆ దిబ్బకు మిగిలిన ఏకైక జ్ఞాపకము కావచ్చును. విశాఖ ఒడ్డున పెరిగిన ఆ బాలుడు పెద్దవాడై, పదుగురు చెప్పినదానిని నమ్మి యూరకుండక, ఆకాశపు నీడను తొలగించి నీటి నిజమైన వన్నెను చూచెను. రంగు అద్దము చేతబట్టిన ప్రతివారికిని వలసినది ఆ దృష్టియే.