ఒడ్డెక్కినా దిగని పడవ

మన భాషలో కష్టం తీరిందని చెప్పడానికి వాడే మాటలు చాలావరకు నీళ్ళ పక్కనే పుట్టాయి. సెమిస్టరు పాసయితే "గట్టెక్కాడు" అంటాం. అప్పు తీరితే "ఒడ్డున పడ్డాం" అంటాం. రిలీజ్ అయిపోగానే రాత్రుళ్ళు కూర్చున్నవాణ్ణి మర్చిపోయే మేనేజర్ని "ఏరు దాటి తెప్ప తగలేశాడు" అంటాం (ఈ సామెత మన ఫీల్డులో ఎందుకంత పాపులరో వేరే చెప్పక్కర్లేదనుకుంటా!). ఒడ్డు చేరితే ఇక కథ కంచికే అని మన పెద్దవాళ్ళు తేల్చేశారన్నమాట.

కానీ ఒడ్డు చేరాకే కథ మొదలయ్యేవాళ్ళు కొందరున్నారు. ఓడలో నాలుగు రోజులు హాయిగా తిరుగుతారు, వాంతులు కూడా ఉండవు. దిగి ఇంటికొచ్చాక మాత్రం నేల ఊగుతున్నట్టు, తాము ఇంకా డెక్ మీదే ఉన్నట్టు అనిపిస్తుంది. ఒక పూటో ఒక రోజో అయితే మామూలే. కొద్దిమందికి అది నెలలు, ఏళ్ళు కూడా ఉండిపోతుంది. దీనికి డాక్టర్లు పెట్టిన పేరు ఫ్రెంచి మాట: 'మాల్ ద దెబార్క్‌మాఁ', అంటే ఓడ దిగిన జబ్బు. ఓడ ఎక్కిన జబ్బు గురించి అందరికీ తెలుసు, దిగిన జబ్బు గురించి ఎందుకు తెలీదు? దీనికి జవాబు వైద్యంలో కన్నా చరిత్రలోనే ఎక్కువ ఉందని నా అభిప్రాయం. ఆ చరిత్ర చెప్పుకోడానికి కళింగపట్నం కన్నా మంచి చోటు నాకు తట్టలేదు.

శ్రీకాకుళం వేపు వాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, మిగతావాళ్ళ కోసం: కళింగపట్నం వంశధార సముద్రంలో కలిసే చోటు. ఇప్పుడక్కడ ఉన్నవి బీచీ, లైట్‌హౌసూ, మత్స్యకారుల పడవలూ. నది వెంట కొద్ది కిలోమీటర్లు పైకెళ్తే శాలిహుండం కొండ, దాని మీద బౌద్ధ స్తూపాలు. ఆ శిథిలాలని 1919లో వెలుగులోకి తెచ్చింది ఎవరనుకున్నారు? వాడుక భాష కోసం జీవితమంతా కొట్లాడిన మన గిడుగు రామమూర్తి పంతులుగారే. ఆయన పుట్టింది కూడా (1863లో) ఇదే వంశధార ఒడ్డున, పర్వతాలపేటలో. ఈయన సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ పని పడుతుంది.

క్రీ.శ. 2వ శతాబ్దంలో టాలెమీ తన భూగోళ గ్రంథంలో మన తూర్పు తీరాన ఒక చోటు గుర్తించాడు. సువర్ణభూమికి, అంటే బర్మా, మలయా దిక్కుకి వెళ్ళే ఓడలు అక్కణ్ణుంచి తీరం వదిలేసి నడి సముద్రంలోకి తిరుగుతాయట. ఆ చోటు ఈ కళింగ తీరంలోనే అని చాలామంది పండితుల మాట. అంటే ఒడ్డు వెంబడి తీరాన్ని చూసుకుంటూ పోయే ప్రయాణం ఆగి, రోజుల తరబడి నీళ్ళు తప్ప ఏమీ కనిపించని ప్రయాణం మొదలయ్యేది ఇటువేపేనన్నమాట.

ఇక దగ్గరి చరిత్రకొద్దాం. 1856లో కలకత్తా - బర్మా మధ్య స్టీమర్లు నడపడానికి పెట్టిన కంపెనీ 1862లో బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీగా మారింది. దాని స్టీమర్లు మన తీరంలో కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం, బారువ, గోపాలపురం రేవుల్లో ఆగేవి. ఈ తీరం జనం రంగూన్‌ని "రంగం" అనేవాళ్ళు. అప్పటి గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి రంగం వెళ్ళడమంటే ఈరోజు మనవాళ్ళు డల్లాస్ వెళ్ళినంత మామూలు. కాకపోతే వీసా బదులు మేస్త్రీ ఉండేవాడు. అడ్వాన్సు ఇచ్చి, డెక్ టికెట్ కొని, అక్కడ కూలిలో కమీషన్ కోసుకునేవాడు (మన కన్సల్టెన్సీలు గుర్తొస్తే నా తప్పు కాదు :)). బర్మా వరి కోతలకీ, రంగూన్ బియ్యం మిల్లులకీ, రేవులో మూటలు మోయడానికీ మనవాళ్ళే కావాలి. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనం 4 లక్షలైతే అందులో సగానికి పైగా భారతీయులు. బర్మా మొత్తం మీద 10 లక్షల పైచిలుకు.

రేవు అన్నానని ఇప్పటి విశాఖ లాంటి హార్బరు ఊహించుకోకండి. స్టీమరు దూరంగా లోతు నీళ్ళలో లంగరేసుకుని ఉండేది. జనం మసూలా పడవల్లో అలలు దాటుకుని దాని దగ్గరికి వెళ్ళాలి. ఈ పడవకి మేకులుండవు. చెక్కల్ని కొబ్బరి తాళ్ళతో కుట్టేస్తారు. అల కొట్టినప్పుడు పగలకుండా ఒళ్ళు విరుచుకున్నట్టు వంగుతుంది. ఆ తర్వాత స్టీమరు డెక్ మీద ఎండలో, వానలో, తిండి మూటలు పక్కన పెట్టుకుని రోజుల ప్రయాణం. దిగాక అక్కడ మళ్ళీ సన్నటి పలక మీద బియ్యం బస్తా మోస్తూ ఎక్కడం దిగడం.

ఇప్పుడు అసలు పాయింటు. ఈ ప్రయాణాల గురించి కాగితాలు బోలెడున్నాయి. 1887 నాటి నేటివ్ పాసింజర్ షిప్స్ చట్టం ఒక్కో ప్రయాణికుడికి ఎంత చోటివ్వాలో, ఎంత నీళ్ళూ తిండీ పెట్టాలో రూలు పెట్టింది. రేవు అధికారులు ఎక్కినవాళ్ళని లెక్కపెట్టారు, దిగినవాళ్ళని లెక్కపెట్టారు. చెరుకు తోటలకి కూలీల్ని మోసుకెళ్ళిన ఓడల్లో అయితే డాక్టరు కూడా ఉండి, ఎవరికి జ్వరమొచ్చింది, ఎవరు పోయారు, ఎవరికి బిడ్డ పుట్టింది అని రాసుకునేవాడు. కానీ ఈ లెక్కలన్నీ ఓ చోట ఆగిపోతాయి: మనిషి ఒడ్డు మీద కాలు పెట్టిన క్షణం. ఆ క్షణంలో కెప్టెన్ బాధ్యత తీరిపోయింది, డాక్టరు పుస్తకం మూసేశాడు, గుమస్తా ఒక టిక్కు పెట్టాడు. ఓడ దిగిన జబ్బు మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. మన భాషలో చెప్పాలంటే, ప్రాసెస్ అయిపోయిందని లాగ్ ఫైల్ మూసేశాక వచ్చే ఎర్రర్ ఇది. లాగ్‌లో లేదు కాబట్టి ఎర్రరే లేదని అందరూ అనుకున్నారు.

మరి రాసినవాళ్ళు ఎవరు? తమ ఒంట్లో జరిగేది తీరిగ్గా కూర్చుని గమనించుకోగలిగినవాళ్ళు. చార్లెస్ డార్విన్ తాతగారు ఎరాస్మస్ డార్విన్ వైద్యుడు. 1790ల్లో అచ్చయిన తన 'జూనోమియా'లో, ఓడలో చాలాసేపు గడిపినవాళ్ళకి ఒడ్డెక్కాక నిద్రా మెలకువా కాని స్థితిలో గది, సామాన్లు ఊగుతున్నట్టు ఉంటుందనీ, అది తనకీ అనుభవమేననీ రాశాడు. 1881లో ఇర్విన్ అనే డాక్టరు లాన్సెట్ పత్రికలో సముద్ర ప్రయాణపు తిప్పు గురించి రాస్తూ, ఓడ దిగాక కూడా మిగిలిపోయే ఊగుడుని ప్రస్తావించాడు. 20వ శతాబ్దం మొదట్లో రాబర్ట్ బారనీ లోపలి చెవి మన బ్యాలెన్స్‌ని ఎలా చూసుకుంటుందో కనిపెట్టి 1914 నోబెల్ బహుమతి అందుకున్నాడు. అయినా, నెలల తరబడి పోని ఈ ఊగుడుని విడిగా ఒక జబ్బుగా వర్ణించింది 1987లో, బ్రౌన్, బలో అనే ఇద్దరు అమెరికన్ డాక్టర్లు. దాన్ని ఎలా నిర్ధారించాలో అంతర్జాతీయంగా ఒప్పుకున్న రూల్సు వచ్చింది 2020లో, అదీ బారనీ పేరు మీదున్న సంఘం నుంచే. టాలెమీ ఓడల నుంచి లెక్కేసినా మనిషి సముద్రం దాటుతూ పద్దెనిమిది వందల ఏళ్ళ పైమాటే. దిగాక ఏమవుతుందో పద్ధతిగా రాసుకోడానికి ఇంతకాలం పట్టింది.

రంగం వెళ్ళిన మనవాళ్ళ చెవులేమీ వేరుగా లేవు కదా. ఇజ్రాయెల్ నౌకాదళ సిబ్బందిని 1990ల్లో అడిగితే నూటికి 70 మందికి పైగా ఒడ్డెక్కాక ఈ ఊగుడు తెలుసన్నారు. ఎక్కువమందికి అది కొన్ని గంటలే. ఆ లెక్కన రంగూన్ రేవులో దిగిన ప్రతి స్టీమరు నుంచీ ఎంతమంది తూలుతూ నడిచుంటారో ఊహించుకోండి. తూలినవాణ్ణి చూసి మేస్త్రీ ఏమనుకుని ఉంటాడో కూడా ఊహించుకోవచ్చు. తాగాడనే అనుంటాడు.

ఇప్పటికీ అంతే. ఎచ్చెర్ల, గార వేపు మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళి బోట్లెక్కి రోజుల తరబడి సముద్రం మీదే ఉంటారు. వాళ్ళలో కొందరు 2018 నవంబరులో పాకిస్తాన్ చేతికి చిక్కి 2020 జనవరిలో విడుదలయ్యాకే ఆ పని సంగతి మనకి తెలిసింది. (సినిమా కూడా వచ్చింది, చూసే ఉంటారు.) ఇంకోవేపు మన బోటివాళ్ళ క్రూజ్ సరదా. విశాఖ నుంచి 2022లో విహార నౌక బయల్దేరింది, 2023లో క్రూజ్ టెర్మినల్ కూడా మొదలైంది. అంటే ఈ జబ్బు మన టీముల్లోకి కూడా వస్తుంది. మా టీములో వచ్చింది కూడా.

మా టీములో ఒకావిడ సింగపూర్ నుంచి నాలుగు రాత్రుల క్రూజ్‌కి వెళ్ళొచ్చింది. మూడు వారాలైనా ఊగుడు తగ్గలేదు. చెవి పరీక్ష నార్మల్, స్కాన్ నార్మల్. చివరికి "టెన్షన్, సాఫ్ట్‌వేర్ కదా" అని తేల్చారట. విచిత్రమేంటంటే క్యాబ్‌లో వస్తున్నంతసేపూ ఆవిడ బాగానే ఉండేది. సీట్లో కదలకుండా కూర్చుంటే మొదలయ్యేది. "క్యాబ్‌లో లేని తూలు పని దగ్గరే వస్తోందా" అని ఫ్లోర్ మీద జోకులు కూడా పడ్డాయి. నిజానికి ఈ జబ్బు గుర్తుపట్టే గట్టి గుర్తే అది! మామూలు తల తిప్పు కదిలితే పెరుగుతుంది. ఇది వాహనంలో కదులుతుంటే తగ్గి, ఆగితే మళ్ళీ వస్తుంది. 2020 రూల్సులో ఇది స్పష్టంగా ఉంది: ప్రయాణం ముగిసిన 48 గంటల్లోపు మొదలవ్వాలి, 48 గంటలకి మించి ఉండాలి, కదిలే వాహనంలో కాసేపు తగ్గాలి.

ఎందుకిలా? ఓడలో మెదడు ఒక మంచి పని చేస్తుంది. అల ఎప్పుడొస్తుందో ముందే అంచనా కట్టి, దానికి ఎదురు సర్దుబాటు చేయడం నేర్చుకుంటుంది. అందుకే కొన్ని రోజులకి చాలామందికి వికారం పోతుంది. దిగాక ఆ సర్దుబాటుని తీసేయాలి. కొందరి మెదడు తీసేయదు. లేని అలకి సర్దుకుంటూనే ఉంటుంది. సర్వరు మారినా పాత క్యాష్ క్లియర్ కానట్టు.

మందుల విషయంలో, వాంతులు రాకుండా బస్సెక్కే ముందు వేసుకునే మాత్రలు దీనికి పెద్దగా పనిచెయ్యవు. న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్‌లో మింగ్‌జియా దాయ్ బృందం 2014లో ఒక పద్ధతి ప్రచురించింది: చుట్టూ నిలువు చారలు తిరుగుతుంటే చూస్తూ, తలని ఆ ఊగుడు లయలోనే పక్కలకి వంచడం. ఇలా కొన్ని రోజులు చేయించారు. 24 మందిలో 17 మందికి పూర్తిగానో చాలావరకో నయమై సుమారు ఏడాది నిలిచింది, 6 మందికి తగ్గి తిరగబెట్టింది, ఒకరికి పనిచెయ్యలేదు. మంత్రం కాదు గానీ, "టెన్షన్" అన్న మాట కన్నా ఎంతో నయం.

ఇక్కడ గిడుగువారి దగ్గరికి వద్దాం. సవరల కోసం కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ మింగి, ఆ మందుకి వినికిడి పోగొట్టుకున్న మనిషాయన. వినికిడీ, బ్యాలెన్సూ రెండూ లోపలి చెవిలో పక్క పక్క వాటాల్లోనే కాపురం ఉంటాయి. ఆయన జీవితమంతా చెప్పింది ఒకటే కదా: మనిషి నోట్లో ఉన్న మాటనే కాగితం మీద రాయనివ్వండి అని. మన రోగి "నేల ఊగుతోందండీ" అంటాడు. మనమే దాన్ని సర్ది "కళ్ళు తిరుగుతున్నాయట" అంటాం. ఫైల్లో అది "వెర్టిగో" అవుతుంది. వెర్టిగో అంటే గిర్రున తిరగడమనే చాలామంది అనుకుంటారు. ఊగడం వేరు, తిరగడం వేరు. మాట మారిన చోటే జబ్బు తప్పిపోయింది.

కాబట్టి మీకో, మీ ఇంట్లోవాళ్ళకో ఇలా అయితే కంగారు పడకండి. చాలామందికి ఒకట్రెండు రోజుల్లో దానంతటదే పోతుంది. నిద్ర తగ్గనివ్వకండి, కాసేపు నడవండి, గంటల తరబడి స్క్రీను స్క్రోల్ చెయ్యకండి. వినికిడి తగ్గినా, ఒకటి రెండుగా కనిపించినా, మాట తడబడినా, చెయ్యో కాలో పట్టు తప్పినా మాత్రం ఇది అది కాదు, వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. అదేమీ లేకుండా ఊగుడే వారం దాటితే న్యూరాలజిస్టు దగ్గరికెళ్ళి మూడు ముక్కలు చెప్పండి: ఏ రోజు ఓడ దిగాను, ఎన్ని గంటలకి మొదలైంది, కార్లో కూర్చుంటే తగ్గుతోందా లేదా. ఆ మూడూ ఒక కాగితం మీద రాసుకుని మరీ వెళ్ళండి. తిరుగుతోంది అనకండి, ఊగుతోంది అనండి.