కాగితం మీద మొదలైన బొంతలు

మన ఇళ్లలో బొంత కుట్టడానికి కాగితంతో పని లేదు. పాత చీరలు, లుంగీలు పొరలు పొరలుగా పరిచి, చుట్టూ అంచు వేసి, టాకాలు వేసుకుంటూ పోతాం. కొలతంతా కంటితోనే. అందుకే ఒకరి బొంత ఇంకొకరి బొంతలా ఉండదు. ఇతర దేశాల్లో మాత్రం కాగితం అచ్చులతో బొంతలు కుట్టిన ఆడవాళ్ల చరిత్ర పెద్దదే ఉంది. కుట్టుపని చేసే మన సభ్యులు తెలుసుకోవాలని దాన్ని ఇక్కడ రాస్తున్నాం.

ఇంగ్లండులో 1718 అని కుట్టి ఉన్న పట్టు దుప్పటి ఒకటి నేటికీ భద్రంగా ఉంది. ఆకారాలుగా కత్తిరించిన కాగితం మీద గుడ్డను మడిచి టాకా వేసి, ఆ ముక్కలను అంచుకు అంచు కలిపి కుట్టారు. దాని మీద పువ్వులు, పక్షులు, జంతువులు, మనుషులు ఉన్నారు. కుట్టినవాళ్ల పేరు మాత్రం లేదు, రెండు పొడి అక్షరాలే ఉన్నాయి. అప్పట్లో కాగితం ఖరీదు, అందుకని ఇలాంటి పనికి పాత ఉత్తరాలు, బిల్లులు, పిల్లల రాతపుస్తకాలు కత్తిరించేవారు. కొన్ని బొంతల్లో ఆ కాగితాలు లోపలే ఉండిపోయాయి. ఇప్పుడు చరిత్రకారులు ఆ రాతలు చదివి కాలం లెక్కగడుతున్నారు. (మన పొదుపు పుస్తకాల జోలికి ఎవరూ కత్తెర తేకుండా చూసుకుందాం!)

1971లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో పాత బొంతలను చిత్రపటాల్లా గోడకు వేలాడదీశారు. చాలావాటికి కుట్టినవాళ్ల పేర్లు తెలియవు. కప్పుకోవడానికి కాక, చూడటానికే బొంత కుట్టడం ఆ తర్వాతి కాలంలో బాగా పెరిగింది.

వాళ్లకు చేతికందిన వస్తువు ఫ్రీజర్ పేపర్. మాంసం చుట్టి ఫ్రీజర్‌లో దాచడానికి అమెరికాలో అమ్మే తెల్ల కాగితం ఇది. ఒకవైపు సన్నని ప్లాస్టిక్ పూత ఉంటుంది. ఆ నున్నటి వైపు గుడ్డకు ఆనించి ఇస్త్రీ చేస్తే అంటుకుంటుంది, పని అయ్యాక మరక లేకుండా ఊడొస్తుంది. ఒకే అచ్చును మళ్లీ మళ్లీ వాడొచ్చు. తిరగేసి పెట్టారో, ఇస్త్రీపెట్టెకే అతుక్కుంటుంది!

ముందు బొంత ఎంత పెద్దదో అంత బొమ్మా గీస్తారు. చెట్టయితే చెట్టు, కోడయితే కోడి. బొమ్మను ముక్కలుగా విడగొట్టి ప్రతి ముక్కకూ నంబరు వేస్తారు. పక్క ముక్కతో కలవాల్సిన చోట గీత మీద అడ్డగుర్తులు పెడతారు. అచ్చు అంటించేది గుడ్డకు వెనకవైపు గనక, అచ్చుల మీద బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉండాలి. అంటించాక చుట్టూ పావు అంగుళం మార్జిన్ వదిలి కత్తిరిస్తారు. గుర్తుకు గుర్తు కలిపి, కాగితం అంచు వెంబడే మిషన్ కుట్టు వేస్తారు. రూత్ మెక్‌డవెల్ అనే అమెరికా కళాకారిణి ఈ పద్ధతిలో మొక్కల, జంతువుల బొంతలు కుట్టి, ఎలా చేయాలో పుస్తకాలు కూడా రాశారు.

అచ్చు ఉంటే పది చేతులు కుట్టినా కొలత ఒక్కటే వస్తుంది. దుకాణాలకు కావాల్సింది అదే. కానీ ఆ అచ్చు ఎవరు గీశారన్నది వేరే సంగతి. రూత్‌గారి అచ్చు ఆమె గీసుకున్నదే. అదే అమెరికాలో అలబామా రాష్ట్రంలోని నల్లజాతి మహిళల సంగతి చూడండి. వాళ్లు 1966లో ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. ఓటరుగా పేరు నమోదు చేసుకున్నందుకు ఇళ్లలోంచి గెంటేయబడిన కుటుంబాలున్న ప్రాంతం అది. సంఘం భూమి కొని, అలాంటి కొన్ని కుటుంబాలకు స్థలాలు అమ్మింది, కుట్టు కేంద్రం కట్టుకుంది. ఎస్టెల్ విదర్‌స్పూన్ చాలా ఏళ్లు నడిపించారు. పెద్ద దుకాణాలు ఆర్డర్లిచ్చాయి గానీ, అన్నీ ఒకే కొలత, ఒకే నమూనా కావాలన్నాయి. ఎవరికి వారు మనసుకు తోచినట్టు కుట్టిన చేతులకు అది కష్టమే. అయినా కూలి వచ్చింది, ఇల్లు గడిచింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడలేం. ఆ సంఘం 2012లో మూతపడింది.

సియర్స్ కంపెనీ కోసం 1970ల్లో వాళ్లు కార్డురాయ్ దిండు గలేబులు కుట్టారు. మిగిలిన ముక్కలను అక్కడి ఆడవాళ్లు ఇళ్లకు తీసుకుపోయి, ఏ అచ్చూ లేకుండా తమకు నచ్చినట్టు బొంతలు కుట్టుకున్నారు. పక్కనే నది వంపులో ఉన్న జీస్ బెండ్ అనే ఊరి బొంతలు 2002లో మ్యూజియం గోడలెక్కాయి. వాటిలో ఆ కార్డురాయ్ ముక్కలవీ ఉన్నాయి. ఈసారి బొంతతో పాటు కుట్టినామె పేరు కూడా రాశారు.