పట్టు విడవని చేయి: నంద్యాల, ఆళ్లగడ్డల నేపథ్యంలో ఆత్మరక్షణ శిక్షణ, కాలపరిమితి

ఆళ్లగడ్డలో ఒక బడి ఆవరణ. సాయంత్రం నాలుగున్నర. యూనిఫాంలో ఉన్న ఇద్దరమ్మాయిలు ఎదురెదురుగా నిలబడ్డారు. ఒకరి మణికట్టును ఇంకొకరు పట్టుకోవాలి, పట్టుబడినామె విడిపించుకోవాలి. మాస్టర్ చెప్పిన కిటుకు సరైనదే. ఎంత బలమైన పిడికిలికైనా బొటనవేలికీ తక్కిన వేళ్లకూ మధ్య సందు ఉంటుంది. మణికట్టు సన్నటి అంచును ఆ సందుకు తిప్పి, మోచేతిని ముందుకు తోస్తూ లాగాలి. అమ్మాయి లాగింది. చేయి ఇట్టే వచ్చేసింది. "గట్టిగా పట్టుకోమ్మే" అంది. "నొస్తాదేమోలే" అంది పట్టుకున్నామె.

ఈ వ్యాసం ఆ "నొస్తాదేమో" గురించి.

సమగ్ర శిక్ష పథకం కింద రాణి లక్ష్మీబాయి పేరుతో ప్రభుత్వ బడుల్లో 6 నుంచి 12వ తరగతి దాకా ఆడపిల్లలకు ఇచ్చే ఆత్మరక్షణ శిక్షణ మూడు నెలలు. మూడు నెలల్లో ఏం వస్తుందిలే అన్నది అందరి నోటా వినిపించే మాట. వారానికి రెండు గంటలు వేసుకున్నా పన్నెండు వారాలకు 24 గంటలు. ప్రైవేటు క్లాసులో వారానికి మూడు గంటల చొప్పున నాలుగేళ్లు సాధన చేసి బ్లాక్ బెల్ట్ కట్టుకునే విద్యార్థికి దాదాపు 600 గంటలవుతాయి. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి మూడు నెలల శిక్షణను కొట్టిపారేయడం తేలిక. నా అభిప్రాయంలో అది తొందరపాటు.

బెల్టు దేన్ని కొలుస్తుందో చూడాలి. జూడోను రూపొందించిన జిగోరో కానో 1882లో కోడోకాన్ స్థాపించి, ఆ దశాబ్దంలోనే నల్ల బెల్టును వాడుకలోకి తెచ్చాడు. ఆయన పద్ధతిలో బెల్టుకన్నా విలువైనది రాండోరి. అందులో ఎదుటివాడు సహకరించడు, పడిపోవడానికి ఒప్పుకోడు, పైగా నిన్నే పడేయాలని చూస్తాడు. మన దగ్గర చాలా కరాటే క్లాసుల్లో పరీక్ష ప్రధానంగా కటాల మీద నడుస్తుంది. ముందే తెలిసిన కదలికల వరుస అది. ఒంటికి మంచిది, చూపుకు అందం. దాడి మాత్రం వరుస చెప్పి రాదు.

ఆళ్లగడ్డ శిల్పుల షెడ్లు చూసినవారికి ఈ తేడా వేరే చెప్పనక్కర్లేదు. ఉలి చేతికి అలవాటు పడటానికి కుర్రవాడికి ఏళ్లు పడుతుంది. రాయి మొండిది, కానీ మోసం చేయదు. నిన్నటి దెబ్బకు నిన్న ఎలా చిట్లిందో ఇవాళా అలాగే చిట్లుతుంది. అందుకే అక్కడ గంటలు పెరిగేకొద్దీ నేర్పు పెరుగుతుంది. మనిషి రాయి కాదు. దెబ్బ పడేలోగా ఎత్తు మారుస్తాడు.

కర్రసాముదీ ఇదే కథ. పీర్ల పండుగకు, జాతరలకు కర్ర తిప్పే చేతుల వేగం చూసి తీరాలి.   అదే కర్రలు పొరుగున కర్నూలు జిల్లా దేవరగట్టులో దసరా రాత్రి, దివిటీల వెలుగులో, జనం తోపులాట మధ్య లేచినప్పుడు తలలు పగులుతాయి. అక్కడ కర్ర పట్టినవాళ్లు కొత్తవాళ్లేం కాదు. తిప్పడానికి చుట్టూ చోటు ఉన్నప్పటి నేర్పు వేరు.

ఇంకో చిక్కు, నేర్పే ఎత్తుల సంఖ్య. ఎంచుకోవలసిన ప్రతిస్పందనలు పెరిగేకొద్దీ మనసు తేల్చుకోవడానికి పట్టే సమయమూ పెరుగుతుందని 1952లో మనస్తత్వ శాస్త్రవేత్త హిక్ ప్రయోగాలు చూపాయి. మూడు నెలల్లో ముప్ఫై ఎత్తులు నేర్పితే వార్షికోత్సవం వేదిక మీద బాగుంటుంది. నాలుగే నేర్పి, విడవని పట్టు మీద వందసార్లు చేయిస్తే వీధిలో పనికొస్తుంది.

కాలం గురించిన వాదనను తలకిందులు చేసిన అధ్యయనం కెనడాది. షార్లీన్ సెన్ బృందం 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించింది. మూడు విశ్వవిద్యాలయాల్లో 893 మంది మొదటి ఏడాది విద్యార్థినుల్లో ఒక వర్గానికి 12 గంటల శిక్షణ ఇచ్చారు. ఏడాది తర్వాత చూస్తే అత్యాచారానికి గురైనవారు ఆ వర్గంలో 5.2 శాతం, కరపత్రాలు మాత్రమే అందుకున్న వర్గంలో 9.8 శాతం. ఆ 12 గంటల్లో శరీరంతో ఎదిరించడం నేర్పింది రెండు గంటలే. మిగతాదంతా ప్రమాదాన్ని ముందే పసిగట్టడం, తెలిసినవాడైనా సరే ముఖం మీద కాదని చెప్పగలగడం, తనకేం కావాలో తనకు స్పష్టంగా ఉండటం. కెనడా క్యాంపస్ ఫలితాన్ని నంద్యాలలో ఎనిమిదో తరగతి పిల్లకు ఉన్నదున్నట్టు అంటగట్టలేం. కానీ 12 గంటలకు ఆ మార్పు సాధ్యమైతే, మన 24 గంటల్ని తక్కువని తీసిపారేయడానికి వీల్లేదు.

మన దేశంలో నమోదైన అత్యాచార కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడేనని జాతీయ నేర గణాంకాలు ఏటా చెబుతున్నాయి. మన క్లాసులో మాత్రం దుండగుడు ఎప్పుడూ చీకటి సందులోంచి వచ్చే అపరిచితుడే. మామయ్య వరసైనవాడు భుజం మీద వేసిన చేయిని తీసేయమనడం ఏ కటాలోనూ లేదు. అది నోటితో చేసే సాధన. పదిమంది ముందు గొంతు ఎత్తి "చెయ్యి తియ్" అనడానికి కొందరు పిల్లలకు వారం పడుతుంది. ఆ వారం శిక్షణలో లెక్కకు రావాలి.

ఆ సాయంత్రం మాస్టర్ జతలు మార్చి, తానే వంగి ఒక పిల్ల చేయి పట్టుకున్నాడు. "ఇప్పుడు విడవను" అన్నాడు. లాగింది, రాలేదు. మళ్లీ లాగింది, రాలేదు. పక్కనున్నవాళ్లు నవ్వారు. మూడోసారి అడుగు ముందుకేసి, మోచేతిని ఆయన వైపే తోసింది. చేయి సగం జారి, గాజు దగ్గర ఆగింది. "రేపు గాజులు తీసి చేద్దామా సార్?" అంది. "గాజులతోనే చెయ్యి" అన్నాడాయన.